ఎవరి చదువు, ఎవరి డబ్బు, ఎవరికి జవాబు?

(నూజివీడులో మహిళా సంఘాల కార్యకర్తలకూ, స్వచ్ఛంద సంస్థలలో పనిచేస్తున్నవారికీ జరిగిన ఆరోగ్య హక్కుల తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మామిడి కోతల రోజుల్లో ఈ తరగతులు పెట్టవద్దని మీలో కొందరు ముందే చెప్పారట. నిజమే. ఈ హాల్లో ఉండవలసినవాళ్ళు చాలామంది ఇవాళ తోటల్లో ఉన్నారు. చెట్టెక్కి కాయ దించేది మగవాళ్ళు. ఆ కాయ ఏరి, సైజుల వారీగా వేరు చేసి, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దేది ఆడవాళ్ళు. కూలి దగ్గర తేడా సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ రెండు నెలల పని వదులుకోలేక నెలలు నిండుతున్నవాళ్ళు కూడా వస్తారు. అలా వచ్చిన ఒకామె గురించి చెప్పి నా మాట మొదలుపెడతాను.

ఆమెది ఈ ఊరు కాదు, పొరుగు జిల్లా. ఊరి పేరూ ఆసుపత్రి పేరూ చెప్పను. చెప్తే మన దృష్టి ఆ ఒక్క ఆసుపత్రి మీదికి పోతుంది. తోటలో ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. ఆశా కార్యకర్త 108 పిలిచింది. ప్రభుత్వ ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడింది. కాన్పుల డాక్టరు ఉన్నారు. థియేటరు ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. కాని మత్తు డాక్టరు లేరు. కాగితం రాసిచ్చి పెద్దాసుపత్రికి పంపారు. యాభై కిలోమీటర్లు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

నేను ఆ ఆసుపత్రికి వెళ్ళి అడిగాను. మత్తు డాక్టరు పోస్టు ఖాళీగా లేదు. అందులో ఒక డాక్టరు ఉన్నారు. జీతం ఆ పోస్టు మీదే తీసుకుంటున్నారు. డెప్యుటేషన్ మీద పనిచేసేది మాత్రం వేరేచోట. ఆమె స్త్రీ. సర్కారు కొలువులో ఉంటూ, సర్వీసు కోటాలో సీటు తెచ్చుకుని, జీతం తీసుకుంటూ ఆ మత్తు వైద్యం చదువుకున్నారు. అంటే ప్రజల డబ్బుతో ఒక నిపుణురాలు తయారైంది. ఆ నిపుణత ఆ రాత్రి ఆ బల్ల దగ్గర లేదు.

తర్వాత ఆ డాక్టరుని కూడా కలిశాను. ఆమె దాచుకోకుండా చెప్పింది. “ఆ ఆసుపత్రికి మత్తు డాక్టర్ని నేనొక్కదాన్నే. నెలకి ముప్పై రాత్రులూ నావే. క్వార్టర్స్ లేదు. రాత్రి రెండింటికి పిలిస్తే ఆటోలో ఒంటరిగా రావాలి. ఇంట్లో రెండేళ్ళ పిల్ల. ఇద్దరిని వేస్తే ఉంటానని రాసిచ్చాను. ఎవరూ జవాబివ్వలేదు.”

బిడ్డని పోగొట్టుకున్న ఆమె, ఉండలేకపోయిన ఆమె. ఈ ఇద్దరు స్త్రీలనీ ఎదురెదురుగా నిలబెట్టి ఎవరిది తప్పు అని అడగడం చాలా తేలిక. పత్రికలూ, అధికారులూ ఎప్పుడూ చేసేది అదే. అలా అడిగితే, ఆ చదువుకి డబ్బు పెట్టినవాళ్ళు, ఆ డబ్బుకి షరతులు రాసినవాళ్ళు, ఆ షరతులు అమలవుతున్నాయో లేదో చూడవలసినవాళ్ళు తప్పించుకుంటారు. ఇవాళ నేను మాట్లాడదలచింది వాళ్ళ గురించి. ప్రత్యేక వైద్య శిక్షణకి ప్రజల డబ్బు ఎవరికి అందుతోంది, అందుకున్నవాళ్ళూ ఇచ్చినవాళ్ళూ ఎవరికి జవాబు చెప్పాలి అన్నదే నా విషయం.

ఒక నిపుణురాలు తయారవడానికి ఏమేం పడుతుంది

డాక్టరంటే ఎం.బి.బి.ఎస్. చదివినవారు. ఆ తర్వాత మూడేళ్ళు పీజీ చేస్తే కాన్పుల డాక్టరో, పిల్లల డాక్టరో, మత్తు డాక్టరో అవుతారు. ఆ పైన గుండె, మూత్రపిండాలు, కాన్సర్ లాంటి వాటికి సూపర్ స్పెషాలిటీ, ఫెలోషిప్‌లు. ఈ పై చదువులకి ప్రభుత్వం డబ్బు రకరకాల దారుల్లో వెళ్తుంది.

మొదటిది, ప్రభుత్వ కళాశాలలో సీటు. ఫీజు తక్కువ, నెలనెలా స్టైపెండు. రెండోది సర్వీసు కోటా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న డాక్టర్లు జీతం మీద వెళ్ళి చదువుకుంటారు. మూడోది చిన్న శిక్షణలు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక, నిపుణులు దొరకని చోట్ల కోసం ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకే 18 వారాల పాటు మత్తు ఇవ్వడంలోనూ, 16 వారాల పాటు అత్యవసర కాన్పుల్లోనూ శిక్షణ ఇచ్చే కార్యక్రమాలు నడిపారు. నాలుగోది, మనం గమనించనిది. ప్రైవేటు కళాశాలల బోధనాసుపత్రుల్లో పడకలు నిండేది కూడా చాలావరకు ప్రభుత్వ పథకాల డబ్బుతోనే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం ఆ ఆసుపత్రులకూ వెళ్తుంది.

ఏ బడ్జెట్టులోనూ రాయని ఐదోది ఒకటుంది. అది మన శరీరం. కాన్పులు నేర్చుకోవాలంటే కాన్పు అయ్యే స్త్రీ కావాలి. కుట్లు వెయ్యడం నేర్చుకోవాలంటే ఎవరికో తెగాలి. బోధనాసుపత్రి లేబర్ రూములో పేద స్త్రీ చుట్టూ ఐదుగురు విద్యార్థులు నిలబడి ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టి చూస్తుంటే, ఆమె పళ్ళ బిగువున ఓర్చుకుంటుంది. ‘నేర్చుకుంటున్నారమ్మా’ అని నర్సు సర్దిచెబుతుంది. ఆ ఓర్పు కూడా గ్రాంటే. ఆమెను అడిగి తీసుకోలేదు, రసీదు ఇవ్వలేదు. అందుకే ఈ చదువు లెక్కలు అడిగే హక్కు మనకి ఎక్కడ నుంచి వచ్చిందని ఎవరైనా అంటే, పన్నులు కట్టామని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఆ చదువు మా ఒంటి మీద నడిచిందని చెప్పండి.

పాత ప్రశ్నే

ఇది కొత్తగా పుట్టిన ప్రశ్న కాదు. 1875లో మద్రాసు వైద్య కళాశాలలో నలుగురు స్త్రీలని చేర్చుకున్నారు. 1885లో వైస్రాయి భార్య పేరుమీద డఫరిన్ నిధి ఏర్పడింది. స్త్రీలకి స్త్రీలే వైద్యం చెయ్యాలి, అందుకు స్త్రీలని డాక్టర్లుగా, నర్సులుగా, మంత్రసానులుగా తయారుచెయ్యాలన్నది దాని లక్ష్యం. రాజుల దగ్గరా, జమీందార్ల దగ్గరా చందాలు పోగుచేసి స్కాలర్‌షిప్పులు ఇచ్చారు, ఆసుపత్రులు కట్టారు. ఆ కాలంలో అది చాలా పెద్ద పని. అయితే ఆ నిధిలో పెత్తనం ఎవరిది, పెద్ద ఉద్యోగాలు దొరల ఆడవాళ్ళకా, మన ఆడవాళ్ళకా, పల్లెలో మంత్రసానితో ఏ సంబంధం పెట్టుకోవాలి అన్న తగాదాలు అప్పుడే మొదలయ్యాయి. చందా ఇచ్చినవారి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. వైద్యం అందవలసిన స్త్రీకి మాత్రం ఆ నిధి సంఘంలో కుర్చీ లేదు. నూట నలభై ఏళ్ళు గడిచాయి. మన కుర్చీ ఇంకా రాలేదు.

1986లో ఇక్కడికి గంట ప్రయాణం దూరంలో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో ఆ తరహాలో మొదటిది. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. అంటే మనం ఉన్నది వైద్య విద్యకి దూరంగా విసిరేసిన ప్రాంతం కాదు. చదువు దగ్గరగానే ఉంది. ఆ చదువు ఫలం మన దాకా రావడానికి మాత్రం దారి వెయ్యలేదు.

అర్హత: ఎవరిని ఎంచుకుంటున్నారు

ఇక అర్హత సంగతి. పీజీ సీటుకి ప్రవేశపరీక్షలో ర్యాంకు కావాలి. ఆ ర్యాంకుకి కోచింగు కావాలి. కోచింగుకి ఏడాదో, రెండేళ్ళో ఇంకే పనీ లేకుండా కూర్చుని చదివే వెసులుబాటు కావాలి. గిరిజన గూడెం దగ్గర ఆరోగ్య కేంద్రంలో రోజంతా ఓపీ చూసే డాక్టరుకి ఆ వెసులుబాటు ఉండదు. అందుకే సర్వీసు కోటా వచ్చింది. పల్లెల్లో పనిచేసినందుకు పై చదువుకి దారి ఇస్తాం, చదివి తిరిగి రండి అన్నది దాని వెనక ఒప్పందం.

ఈ కోటా రాష్ట్రాలు పెట్టుకోవచ్చా లేదా అన్న వివాదంలో 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలకి ఆ అధికారం ఉందని తేల్చింది. అదే తీర్పులో ఒక మాట చేర్చింది. ఈ కోటాలో చదివినవారు ఆ తర్వాత కనీసం ఐదేళ్ళు గ్రామీణ, గిరిజన, కొండ ప్రాంతాల్లో పనిచేసేలా రాష్ట్రాలు విధానం చెయ్యాలని, అందుకు బాండు రాయించుకోవాలని చెప్పింది. మొదటి సగం అందరికీ గుర్తుంది. రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు.

మన రాష్ట్రంలో 2024 జులైలో క్లినికల్ కోర్సుల్లో 30 శాతం ఉన్న ఈ కోటాను 15 శాతానికి తగ్గిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు ఆందోళనకి దిగాక 20 శాతం చేసింది. 2025లో వాళ్ళు మళ్ళీ సమ్మె చేశారు. ప్రభుత్వం అవసరానికి సరిపడా నిపుణులు ఉన్నారంటుంది. డాక్టర్లు మా హక్కు పోయిందంటారు. ఇద్దరి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉండవచ్చు. కాని ఇంతకాలం ఈ కోటాలో చదివినవాళ్ళు ఇవాళ ఏ ఊళ్ళో, ఏ ఆసుపత్రిలో పనిచేస్తున్నారు అన్న జాబితా ఒక్కటి ముందుంటే, ఆ వాదనలో సగం అక్కడే తేలిపోయేది. ఆ జాబితాని ప్రభుత్వమూ బల్ల మీద పెట్టలేదు, సంఘమూ అడగలేదు. సమ్మె జరిగిన రోజుల్లో ఆరోగ్య కేంద్రం గుమ్మంలో కూర్చున్నవాళ్ళని ఆ చర్చకి ఎవరూ పిలవలేదు.

స్త్రీలకి ఈ అర్హత నిబంధనలు వేరుగా తగులుతాయి. సర్వీసు కోటాకి కొన్నేళ్ళు పల్లెలో పనిచేసి ఉండాలి. ఒక స్త్రీ డాక్టరు ఆ పని చేసే వయసు, పెళ్ళి, కాన్పులు అయ్యే వయసు ఒకటే. ప్రసూతి సెలవు కాలాన్ని సర్వీసులో కలుపుతారా, తీసేస్తారా? ఈ ప్రశ్నకి జవాబు ఉత్తర్వులో స్పష్టంగా రాసి ఉండాలి, గుమస్తా ఇష్టానికి వదలకూడదు. పీజీ మధ్యలో ప్రసూతి సెలవు తీసుకుంటే శిక్షణ తగ్గిన మేరకు కోర్సు పొడిగిస్తారు. నేర్చుకోవలసింది నేర్చుకోవాలి కాబట్టి అది సబబే. పొడిగించిన నెలలకి స్టైపెండు ఎవరు ఇస్తారు? బిడ్డను కన్నందుకు జరిమానా ఆమె ఒక్కతే కట్టాలా?

బాండు రాయాలంటే జామీనుదారులు కావాలంటారు. ఆస్తి ఉన్నవాళ్ళు సంతకం పెట్టాలి. మన సమాజంలో ఆస్తి ఎవరి పేరున ఉంటుంది? తండ్రి పేరునో, భర్త పేరునో. పాతికేళ్ళు దాటిన డాక్టరమ్మ తన చదువుకి మళ్ళీ వాళ్ళ సంతకం కోసం నిలబడాలి. ఏ ఆస్తీ లేని దళిత కుటుంబం నుంచో, గిరిజన కుటుంబం నుంచో మొదటిసారి ఇంత దూరం వచ్చిన అమ్మాయి జామీను ఎక్కడ తెస్తుంది? రిజర్వేషన్‌తో తెరిచిన తలుపుని జామీను కాగితంతో మూసేస్తున్నామేమో చూసుకోవాలి.

మరొక మాట. నిపుణత అంటే డాక్టర్లదే అనుకోవడం కూడా అర్హత గురించిన ఒక తీర్పే. మామూలు కాన్పుని నిబ్బరంగా చేయించడానికి బాగా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ చాలు. తెలంగాణలో 2017లో నర్సులకి ఈ శిక్షణ మొదలుపెట్టారు. 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఇన్నేళ్ళ అనుభవమున్న నర్సుకి పై శిక్షణకి డబ్బు పెట్టడం కన్నా పట్నంలో ఇంకొక సూపర్ స్పెషాలిటీ సీటుకి పెట్టడమే గొప్పగా కనిపిస్తుంది. నర్సులు స్త్రీలు, కింది ఉద్యోగులు. దీంట్లో కులం, పితృస్వామ్యం రెండూ పనిచేస్తున్నాయని నేను అంటాను.

జవాబుదారీ: బాండు అంటే ఏమిటి

మీ ప్రాంతం మాటల్లోనే చెప్తాను. తోట గుత్తకిచ్చే రైతు ఏం చేస్తాడు? ఎన్ని కాపులకి ఇస్తున్నాడో ముందే మాట్లాడుకుంటాడు. నీళ్ళు ఎవరు పెట్టాలి, మందు ఎవరు కొట్టాలి, గాలివానకి కాయ రాలితే నష్టం ఎవరిది, అన్నీ తేల్చుకుంటాడు. కాయ ఎక్కడికి పోతోందో కన్నేసి ఉంచుతాడు. ఒక మామిడి తోట దగ్గర చూపించే ఈపాటి జాగ్రత్త, ఒక నిపుణురాలి చదువు దగ్గర మన ప్రభుత్వాలు చూపించడం లేదు. బాండు రాయించుకుంటారు. ఆ బాండులో డాక్టరు ఏం చెయ్యాలో ఉంటుంది, చెయ్యకపోతే ఎంత కట్టాలో ఉంటుంది. ప్రభుత్వం ఏం చెయ్యాలో ఉండదు.

ఈ బాండ్లు చెల్లుతాయా అన్నది సుప్రీంకోర్టు 2019 ఆగస్టు 19న తేల్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో సహా అనేక రాష్ట్రాల బాండ్ల మీద డాక్టర్లు వేసిన కేసులవి. బాండ్లు చెల్లుతాయని, ప్రజల ఖర్చుతో చదివినవారి నుంచి కొంతకాలం ప్రజలకి సేవ కోరడం తప్పు కాదని కోర్టు చెప్పింది. అన్ని రాష్ట్రాలకీ ఒకే తీరు విధానం ఉంటే మంచిదని సూచించింది. పశ్చిమ బెంగాల్ బాండు ప్రకారం మూడేళ్ళు పనిచెయ్యాలి, చెయ్యకపోతే ఏడాదికి 10 లక్షల చొప్పున 30 లక్షలు కట్టాలి.

ఈ తీర్పుని నేను సమర్థిస్తాను. అయితే డబ్బు కట్టి వదిలించుకునే బాండు నాకు నచ్చదు. ఎందుకంటే అది ఉన్నవాళ్ళకి టిక్కెట్టు, లేనివాళ్ళకి సంకెల. 30 లక్షలు కట్టగలిగిన ఇంటి పిల్ల కట్టేసి వెళ్ళిపోతుంది. కట్టలేని ఇంటి పిల్ల ఉండిపోతుంది. చివరికి పల్లెలో సేవ అనేది పేద డాక్టరు కట్టే జరిమానాగా తయారవుతుంది. ఆ కట్టిన డబ్బు ఖజానాకి చేరుతుంది. ఆ రాత్రి మత్తు డాక్టరు లేక యాభై కిలోమీటర్లు పోయిన తల్లికి ఆ డబ్బులో ఒక్క రూపాయి చేరదు. ఖజానా లోటు తీరినంత మాత్రాన ఆసుపత్రి లోటు తీరినట్టు కాదు.

మన తెలుగు డాక్టర్లు వేలమంది ఉన్న అమెరికా ఈ విషయంలో ఏం చేస్తుందో చూడండి. అక్కడ రెసిడెన్సీకీ, ఫెలోషిప్‌కీ జే-1 వీసా మీద వెళ్ళేవారికి మన ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఒక అవసర పత్రం ఇస్తుంది. ఈ నిపుణత మా దేశానికి కావాలి, ఈ డాక్టరు చదువయ్యాక తిరిగి వస్తానని మాట ఇచ్చారు అని అందులో ఉంటుంది. చదువు అయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్నది వీసా షరతు. అయితే 1994లో అమెరికా ఒక మినహాయింపు చట్టం చేసింది. డాక్టర్లు దొరకని తమ ప్రాంతాల్లో మూడేళ్ళు పనిచేస్తే ఆ షరతు మాఫీ. మొదట్లో రాష్ట్రానికి ఏడాదికి 20 మందికి, 2002 నుంచి 30 మందికి. అంటే మన పల్లెకి రావలసిన సేవని వాళ్ళ పల్లె కోసం రాయించుకున్నారు. డబ్బు కట్టి తప్పించుకునే వీలు అందులో పెట్టలేదు. వెళ్ళినవాళ్ళని నేను నిందించడం లేదు. ఒక ప్రభుత్వం తన పల్లెల్లో ఏ డాక్టరు ఎక్కడ కావాలో లెక్కగట్టి చూసుకుంది, ఇంకో ప్రభుత్వం పత్రం ఇచ్చి మరిచిపోయింది. తేడా అక్కడుంది.

అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోకండి. 1965 నుంచి అక్కడి మెడికేర్ బోధనాసుపత్రులకి శిక్షణ కోసం డబ్బు ఇస్తోంది. అంత డబ్బుతో ఏ రకం డాక్టర్లు తయారై ఎక్కడికి పోతున్నారో చెప్పే జవాబుదారీ లేదని 2014లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదికే తప్పుపట్టింది. ఫలితం అడగకుండా సీటుకింత అని డబ్బిస్తే ఎక్కడైనా జరిగేది ఇదే.

సంస్థలు ఏం జవాబు చెబుతున్నాయి

డాక్టరుకి బాండు ఉంది. కళాశాలకి బాండు ఏది? ప్రభుత్వానికి బాండు ఏది?

2023లో జాతీయ వైద్య కమిషన్ పీజీ విద్యార్థుల మధ్య ఒక సర్వే జరిపింది. ప్రైవేటు కళాశాలల నుంచి జవాబిచ్చిన 7,901 మందిలో 2,110 మంది తమకి స్టైపెండు అసలు ఇవ్వడం లేదన్నారు. ఇచ్చినట్టు బ్యాంకులో వేసి యాజమాన్యం తిరిగి తీసుకుంటోందని చెప్పినవాళ్ళూ ఉన్నారు. రాత్రీ పగలూ వార్డు నడిపేది ఆ విద్యార్థులే. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని చెప్పింది. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న స్త్రీ డాక్టరు మీద అత్యాచారం చేసి చంపిన తర్వాత, 36 గంటల డ్యూటీల గురించీ, పడుకోవడానికి గది లేకపోవడం గురించీ దేశమంతా ఒకసారి ఉలిక్కిపడింది. శిక్షణ ఇచ్చే చోటే స్త్రీకి భద్రత లేకపోతే, చదివి వెళ్ళిన చోట ఎవరిస్తారు? మొదట్లో చెప్పిన డాక్టరు అడిగిన క్వార్టర్స్, తోడు ఇంకొక డాక్టరు కోరికలు కావు. అవి ఆ ఒప్పందంలో ప్రభుత్వం వైపు షరతులు. వాటిని ఎవరూ రాయలేదు, అంతే.

2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశం మొత్తం మీద గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన నిపుణుల్లో దాదాపు 80 శాతం కొరత. 2020 సెప్టెంబరులో వచ్చిన నిబంధన ప్రకారం పీజీ విద్యార్థులందరూ మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచెయ్యాలి. మంచి ఆలోచన. కాని అక్కడ వాళ్ళకి నేర్పే సీనియరు లేకపోతే, అది శిక్షణ కాదు, చవకగా ఖాళీ పూరించుకోవడం. 18 వారాల మత్తు శిక్షణ పొందిన డాక్టరుని ఆపరేషన్లు జరగని ఆసుపత్రికి వేస్తే, ఆ చెయ్యి ఆరు నెలల్లో ధైర్యం కోల్పోతుంది. ఖర్చుపెట్టిన డబ్బు అక్కడికక్కడే ఆవిరి. ఆ ఉత్తర్వు మీద సంతకం చేసినవారు ఎవరికి జవాబు చెప్పారు?

నిపుణులు వస్తే చాలు అనుకోవడం కూడా పొరపాటే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం, తెలంగాణలో 60 శాతం పైగా కాన్పులు కడుపు కోసి చేసినవే. దేశం సగటు 21 శాతం పైచిలుకు. 2015–16 సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం సగటుకి అది రెండు రెట్లు దాటి. పదిమంది కూలీలు కూర్చున్న చోట ఒకరికి. ‘సంచి తీసేశారమ్మా’ అని వాళ్ళు పన్ను పీకించుకున్నట్టు చెబుతారు. ఆ ఆపరేషన్లు చేసింది నిపుణులే. అంచేత కత్తి కావలసినచోట లేకపోవడం ఒక అన్యాయం, అక్కరలేనిచోట ఆడటం మరొక అన్యాయం. మన డబ్బుతో నేర్చిన విద్య ఎక్కడ ఉందన్న ప్రశ్నతో పాటు, ఏం చేస్తోందన్న ప్రశ్న కూడా జవాబుదారీలో భాగమే.

మనం చెయ్యగలిగింది

1991లో ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం వచ్చినప్పుడు, డాక్టరు ముందు కూర్చుని ప్రశ్న అడగవచ్చన్న ధైర్యం మనలో చాలామందికి వచ్చింది. ఇప్పుడు ఆ డాక్టరు చదువుకి డబ్బు పెట్టిన ఖజానా ముందు కూర్చుని అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘాలున్నాయి. వాటి సమావేశాలకి వెళ్ళండి.

మీ ఆసుపత్రి విషయంలో ఐదు ప్రశ్నలు అడగండి. ఒకటి, మంజూరైన నిపుణుల పోస్టులెన్ని, వాటిలో పేరున్నవారు ఎందరు, నిజంగా అక్కడ పనిచేస్తున్నవారు ఎందరు, డెప్యుటేషన్ మీద పోయినవారు ఎందరు? రెండు, గత ఐదేళ్ళలో మన జిల్లా నుంచి సర్వీసు కోటాలో చదవడానికి వెళ్ళినవారు ఎందరు, అందులో స్త్రీలెందరు, చదివి వచ్చాక ఎక్కడ వేశారు? మూడు, బాండు డబ్బు కట్టి వెళ్ళిపోయినవారు ఎందరు, ఆ డబ్బు ఏ పద్దులో వేశారు, ఆ ఖాళీల కోసం ఎంత ఖర్చుపెట్టారు? నాలుగు, రాత్రి డ్యూటీ డాక్టర్లకీ, నర్సులకీ గది, మరుగుదొడ్డి, వెలుతురు, వాహనం ఉన్నాయా? ఐదు, మత్తు డాక్టరు లేరన్న కారణంతో గత ఏడాది ఎందరు గర్భిణుల్ని బయటికి పంపారు?

మొదటి, ఐదో ప్రశ్నల జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు లెక్క దానంతట అదే మాట్లాడుతుంది.

ఇక ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి. బాండు డబ్బుతో తీరేది కాకుండా పనితో తీరేదిగా ఉండాలి. జామీను షరతు తీసెయ్యాలి. ప్రసూతి సెలవు సర్వీసులో కలపాలి. ఒకే నిపుణురాలిని ఒంటరిగా వెయ్యకుండా కనీసం ఇద్దరిని కలిపి వెయ్యాలి. నర్సుల పై శిక్షణకి విడిగా నిధి ఉండాలి. ప్రతి ఏటా ఈ చదువుల లెక్క జిల్లాల వారీగా తెలుగులో అచ్చువెయ్యాలి. శిక్షణ నిధులమీద నిర్ణయం చేసే సంఘాల్లో ఆ వైద్యం అందుకునే స్త్రీలకి చోటివ్వాలి. డాక్టర్ల సంఘాలతో కూడా మనం మాట్లాడాలి. మీ కోటా కోసం మేమూ నిలబడతాం, చదివి వచ్చాక మా ఊళ్ళో నిలబడతామని మీరూ రాయండి అని అడగాలి. స్త్రీ డాక్టర్లతో ఈ మాట మనం తప్ప ఎవరూ స్నేహంగా మాట్లాడలేరు.

చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. బిడ్డను పోగొట్టుకున్న ఆమెను ఆ తర్వాత తోటలోనే కలిశాను. కాయలు ఏరుతూనే మాట్లాడింది. డాక్టర్ల మీద ఆమెకి కోపం లేదు. ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆసుపత్రి వరండాలో బోర్డు చదివిందట. “మత్తు డాక్టరు పేరు ఆ బోర్డు మీద రాసుందండి. పేరుంది కాబట్టి ఉన్నారనుకున్నాం. లేరని ముందే తెలిస్తే తిన్నగా పెద్దాసుపత్రికే పోయేవాళ్ళం కదండీ” అంది.

ఆమె అడిగింది అంతే. బోర్డు మీద ఉన్నది నిజమై ఉండాలని. ఇంతసేపూ నేను అర్హత, జవాబుదారీ అని పెద్ద పెద్ద మాటలతో చెప్పింది కూడా అదే. రేపు మీ మీ ఊళ్ళకి వెళ్ళాక ముందుగా ఆసుపత్రి వరండాలో నిలబడి ఆ బోర్డు చదవండి. అందులో ఉన్న ఒక్కొక్క పేరు గురించీ అడగండి. జవాబులు రాసుకుని మళ్ళీ సమావేశానికి తీసుకురండి.